రోడ్డు మూసిన ఆదివారం

శరణార్థుల శిబిరం గేటుకు ఎదురుగా, వాళ్ళ సహాయనిధి కోసం సైకిళ్ళు తొక్కేవాళ్ళకు మంచినీళ్ళిచ్చే టెంటు వేశారు. టెంటు కింద బెంచీ మీద, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోళ్ళ షాపతను కూర్చున్నాడు. నీళ్ళిచ్చే పని ఒప్పుకున్న అతని అక్క, కింద పడ్డ గ్లాసులు ఏరడం ఆపేసి అతని ఎదురుగా నిలబడింది.

"సరిగ్గా చెప్పరా. సైకిల్ ఏదీ?"

"చెప్పానుగా అక్కా. ఇక్కడ లేదు."

"ఇక్కడ లేదని కనిపిస్తూనే ఉంది. ఎక్కడుందని అడుగుతున్నాను."

"వస్తుంది."

"వస్తుందా? అదేమన్నా మేతకెళ్ళిన ఆవా, దానంతటదే ఇల్లు వెతుక్కుంటూ రావడానికి?"

"కాస్త మెల్లగా. అందరూ చూస్తున్నారు."

"చూడరూ మరి? ఒంటికి అతుక్కున్న ఆ బట్టలేసుకుని, సైకిల్ లేకుండా కూర్చుంటే. పంక్చరయిందా?"

"కాదు."

"ఎక్కడన్నా పడ్డావా? మోకాళ్ళు చూపించు."

"పడలేదక్కా. ఒకతనికి ఇచ్చాను."

"ఇచ్చావా. ఎవరికి?"

"ఒకతనికి."

"ఆ ఒకతనికి ఓ పేరుంటుందిగా."

"ఉంటుంది. అడగలేదు."

"జరుగు. నన్ను కూర్చోనీ. అది నీ సైకిలయితే నీ ఇష్టం, ఊరేగించుకో, ఊరికే ఇచ్చుకో. అది మీ బావగారిదిరా. గుండె ఆపరేషనయ్యాక డాక్టరు తొక్కమంటే కొనుక్కున్నారు. బీరువా పెట్టడానికి జాగా లేని హాల్లో దానికి మాత్రం జాగా ఉంది. నీకిచ్చేటప్పుడు ఎన్ని జాగ్రత్తలు చెప్పారు?"

"చాలా చెప్పారు. వానొస్తే నేను తడిసినా ఫర్వాలేదన్నారు."

"అలాంటిదాన్ని పేరు కూడా అడక్కుండా ఇచ్చేశావు."

"అడిగే వ్యవధి ఎక్కడిచ్చాడు?"

"మొదట్నించీ చెప్పు. మింగకుండా చెప్పు."

"నీళ్ళు తాగుదామని ఇక్కడ దిగాను. నువ్వప్పుడు అవతల అరటిపళ్ళు పంచుతున్నావు. గేటు దగ్గర ఒకతను వాలంటీర్లతో గొడవ పడుతున్నాడు. ఆటో కావాలట. మధ్యాహ్నం దాకా రోడ్డు మూసేశాం, సైకిళ్ళు తప్ప ఏవీ వదలం అని వీళ్ళు."

"ఆటో ఎందుకట?"

"పొద్దున వాళ్ళ పాపకి ఫిట్సొచ్చాయట. అంబులెన్సులో ఒక్కళ్ళకే చోటుంటే తల్లి ఎక్కింది. ఇతను వెనకాలే బస్సులో వెళ్దామని బయటికొచ్చేసరికి రోడ్డు మూసేశారు. మన కోసం."

"మన కోసమేంటి? వాళ్ళ కోసం."

"అదే అన్నారు వాలంటీర్లు కూడా. అదే మాట."

"నడిచి వెళ్ళలేడా?"

"పెద్దాసుపత్రి వంతెన అవతలెక్కడో ఉంది. పరిగెత్తినా ఎప్పటికి చేరతాడు?"

"అర్థమైంది. నిన్ను బతిమాలాడు, నువ్వు వెన్నలా కరిగావు. చిన్నప్పట్నించీ అంతేగా."

"బతిమాలితే బాగుండేది."

"అంటే?"

"వదిలెయ్యక్కా."

"ఒరేయ్."

"తిట్టాడు. నన్నొక్కణ్ణే కాదు, ఇక్కడ నిలబడి నీళ్ళు తాగుతున్న అందర్నీ. మా కోసమేగా తొక్కుతున్నారు, మా పేరు చెప్పేగా రోడ్డు మూశారు, మీలో ఒక్కడన్నా సైకిల్ దిగండి అన్నాడు."

"ఎవరూ దిగలేదా?"

"ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. ఒకావిడ వంగి బూటు లేసు కట్టుకుంది. అది కట్టే ఉంది."

"నువ్వు?"

"సీసా మూత తిప్పుతున్నాను. బిగిసిపోయాక కూడా తిప్పుతున్నాను. అతను సరాసరి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నా చొక్కా మీద ఉన్నది పైకి చదివాడు."

"ఏముందీ? ఇటు తిరుగు. 'వాళ్ళ బాధ మన బాధ'. బాగానే ఉందిగా."

"బాగానే ఉంది. అతను చదువుతుంటే బాగోలేదు."

"ఊఁ."

"దిగాను. హ్యాండిల్ వదిలాను. ఎక్కి వెళ్ళిపోయాడు. థాంక్స్ కూడా చెప్పలేదు."

"తిరిగి తెస్తానన్నాడా?"

"అన్నాడనే అనుకుంటున్నాను."

"అనుకోవడమేంట్రా?"

"అప్పటికే తొక్కుతున్నాడక్కా. వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. గాలికి సగమే వినబడింది. 'తెచ్చి' అన్నాడో, 'వచ్చి' అన్నాడో."

అక్క ఒళ్ళో ఫోన్ మోగింది. పేరు చూసి ఆమె తమ్ముణ్ణి నోరు మూసుకోమని సైగ చేసింది.

"ఆ, చెప్పండి. ఇక్కడే ఉన్నాను, నీళ్ళిస్తున్నాను. వాడా? వెళ్ళాడు. అంటే, వస్తున్నాడు. మధ్యలో ఎత్తుందిగా, అక్కడ ఆలస్యమై ఉంటుంది. గేర్లా? ఆ, మారుస్తూనే ఉన్నాడు, నేను చూశాను. మీరు ఎండలో నిలబడకండి. మాత్ర వేసుకున్నారా? సరే, ఉంటాను."

"వెళ్ళాడు, వస్తున్నాడు. ఏంటక్కా ఆ మాటలు?"

"మరేం చెప్పను? ఆయన సైకిళ్ళన్నీ చేరే చివరి గీత దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారట, కెమెరా పట్టుకుని."

"నా ఫొటో తీయడానికా?"

"సైకిల్ ఫొటో తీయడానికి. నువ్వు పక్కన నిలబడొచ్చట."

"నువ్వు నవ్వకు."

"నేను నవ్వడం లేదు. నా మొహమే అంత. కూర్చో. ఎందుకలా గిరగిరా తిరుగుతావు?"

"కూర్చోలేను. ఇంతసేపట్లో వెళ్ళి రావచ్చు కదా?"

"పాపను చూసుకోవద్దూ?"

"చూసుకోవాలి. చూసుకోవాలి. కానీ ఇంతసేపా?"

అప్పుడే ఒక వాలంటీరు అమ్మాయి చేతిలో జెండాతో టెంటులోకి వచ్చింది.

"సార్, సైకిల్ పాడైనవాళ్ళని వ్యానులో ఎక్కిస్తున్నాం. మీరూ రండి. చివరి గీత దగ్గర పతకం అందరికీ ఇస్తారు."

"పాడవలేదమ్మా."

"మరి సైకిల్ ఎక్కడ సార్?"

"తొక్కుతున్నారు."

"ఎవరు సార్?"

"నువ్వెళ్ళమ్మా. వాడు తర్వాత వస్తాడు. అలసిపోయి ఏదేదో మాట్లాడుతున్నాడు."

వాలంటీరు అమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది.

"ఎక్కాల్సిందిరా. ఆ వ్యాను ఆసుపత్రి మీదుగానే పోతుంది."

"నేనటు వెళ్తే, అతనిటు వస్తే? సైకిల్ పట్టుకుని ఎవరికివ్వాలో తెలీక ఇక్కడ నిలబడతాడు."

"అయితే శిబిరం ఆఫీసులో అడుగుదాం పద. వాళ్ళకి తెలుస్తుంది."

"ఏమని అడుగుతాం? మీవాడు నా సైకిల్ పట్టుకుపోయాడనా? ఈ చొక్కా వేసుకునా?"

"అలా ఎందుకంటాం? పాపకెలా ఉందండీ అని మొదలుపెడదాం."

"ఆ మాట అడగాలని ఉంటే ఇందాకే అడిగేవాళ్ళం. ఇందాకట్నుంచీ మనం సైకిల్ గురించే మాట్లాడుకుంటున్నాం."

"నేను మీ బావగారి గురించి భయపడుతున్నాను. అయినా ఆ పాప సంగతి నిజమో కాదో ఎవరికి"

"ఆపు అక్కా."

"నేనేమీ అనలేదు."

"అన్నావు. సగం అన్నావు. నేను మొత్తం అనుకున్నాను. అతను మలుపు తిరిగాడో లేదో, అప్పుడే అనుకున్నాను. ఆర్నెల్లుగా షాపులో చందా డబ్బా పెట్టాను. అద్దాలు మార్చుకోడానికొచ్చిన ప్రతి ఒక్కళ్ళకీ చెప్పాను, ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకొచ్చారండీ, తలో చెయ్యి వెయ్యండీ అని. వాళ్ళలో ఒకడు ఎదురుపడితే, మలుపు తిరిగేదాకా కూడా నమ్మలేకపోయాను."

"నమ్మబట్టేగా ఇచ్చావు."

"నమ్మి ఇవ్వలేదు. సిగ్గేసి ఇచ్చాను. అందరూ చూస్తున్నారని ఇచ్చాను."

"ఏదో ఒకటి. ఇచ్చావుగా."

"ఇంకోటి కూడా చేశాను. నీకు చెప్పలేదు."

"ఇంకా ఏం చేశావురా నాయనా?"

"ఇందాక గేటు కాపలా ఆయన దగ్గరికెళ్ళాను. ఎండ గురించి మాట్లాడుతున్నట్టు మాట్లాడి, మాటల్లో పెట్టి, పొద్దున అంబులెన్సు ఏమన్నా వచ్చిందా అని అడిగాను."

"వచ్చిందా?"

"వచ్చిందట. చిన్నపిల్లని తీసుకెళ్ళిందట. ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉందట, తల్లి ఏడుస్తూ ఎక్కిందట."

"హమ్మయ్య."

"చూశావా."

"ఏం చూశాను?"

"నేనూ అదే అన్నాను. పైకే అన్నాను. ఒక పిల్లకి నిజంగా ఫిట్సొచ్చాయని తెలిసి నేను హమ్మయ్య అన్నాను. ఆ కాపలా ఆయన నా వంక చూసిన చూపు నీకు చెప్పలేను."

"నోరు జారింది నాకు. నా ఉద్దేశం అది కాదురా."

"నాదీ కాదు."

"నీళ్ళు తాగు."

"వద్దు."

"తాగు. మొహం చూడు, ఎలా అయిపోయిందో. పోనీ నేను మీ బావగారికి నిజం చెప్పేస్తాను. కోప్పడితే నా మీద కోప్పడతారు. సైకిల్ పోతే పోయింది."

"పోలేదక్కా."

"పోలేదులే. పోతే అంటున్నాను."

"ఆ 'పోతే' కూడా అనకు."

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి అక్క స్పీకర్ నొక్కి, ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది.

"ఏమండీ, మీకో సంగతి"

"నీ తమ్ముడు పక్కనే ఉన్నాడా? ఉంటే పలకమను."

"నేనే బావగారూ. కాస్త ఎత్తు దగ్గర ఆలస్యమై"

"ఏ ఎత్తోయ్? నా సైకిల్ నా కళ్ళముందుంది. నువ్వు దేని మీద ఎక్కుతున్నావు ఎత్తు?"

"మీ ముందుందా? ఎక్కడ?"

"పెద్దాసుపత్రి గేటు దగ్గర. హ్యాండిల్‌కి కట్టిన నెంబరు అట్ట మీద, ప్రమాదమైతే ఫోన్ చెయ్యండని నా నెంబరు రాయించావుగా. ఇక్కడి సెక్యూరిటీ అతను దానికి చేశాడు. మీ సైకిల్ పట్టుకుని ఒకతను దారికడ్డంగా నిలబడ్డాడు, కదలడు, వచ్చి చూసుకోండి అన్నాడు. నీకేదో అయిందనుకున్నాను. కెమెరా కుర్చీలోనే పడేసి వచ్చాను. పక్క వీధే కదా, పరిగెత్తాను."

"పరిగెత్తారా? మీకు పరిగెత్తకూడదని డాక్టరు"

"నన్ను చెప్పనివ్వవే. వచ్చి చూస్తే వీడు లేడు. ఎవరో మనిషి. చెమటకి చొక్కా పిండుకునేలా ఉంది. రెండు చేతుల్తో హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు."

"నేనే ఇచ్చాను బావగారూ. అతను దొంగ కాదు. పోలీసులకి చెప్పకండి. తప్పు నాది, మిమ్మల్ని అడగాల్సింది."

"పోలీసులెవరొచ్చారోయ్ మధ్యలో? ముందు విను."

"పాపకెలా ఉందట? లోపలికెళ్ళి చూసొచ్చాడా?"

"లోపలికెళ్తేగా. వచ్చి ఎంతోసేపయిందట. సైకిల్ లోపలికి రానివ్వరు, తాళం లేదు, నేను చూస్తూ ఉండనని సెక్యూరిటీ అతను ముందే చెప్పేశాడట. బయట వదిలి వెళ్ళవయ్యా అంటే, పోతే శిబిరంవాళ్ళు ఎత్తుకుపోయారంటారు, ఇచ్చినతను మొదట అదే అనుకుంటాడు అంటున్నాడు. పాప కళ్ళు తెరిచి నాన్నేడీ అంటోందని నర్సు రెండుసార్లు వచ్చి పిలిచి వెళ్ళింది. సైకిల్ నాదేనయ్యా, నేను పట్టుకుంటాను, నువ్వెళ్ళు అంటే నన్ను నమ్మడం లేదు. ఇదుగో, ఫోన్ అతని చెవి దగ్గర పెడుతున్నాను, గబగబా చెప్పు."