మగ్గం గుంట

పెయింటు డబ్బా మీద ఇంగ్లీషు నేను పైకి చదివేది గొప్ప కోసం కాదు నాగదుర్గా, మన మేస్త్రీ రమణబాబుకి నాలుగు ముక్కలు తెలుస్తాయని. అంత పరోపకారితో నిన్న సాయంత్రం నుంచీ ఒక్క మాటైనా మాట్లాడకపోతే ఎలా చెప్పు?

కంటి ఆపరేషనయ్యేక రాజోలు మీ చెల్లెలింట్లో ఇరవై రోజులున్నావు. ఈలోగా ఇల్లు చల్లబరిచి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. తప్పా?

తల అలా తిప్పేసుకోకు. కంట్లో చుక్కలు వేసేదాకైనా ఇటు చూడు.

మా తాత కట్టిన పెంకుటిల్లు. మే నెలొస్తే ఆవిరికుడుముల్లా ఉడికిపోతాం కదా! పెంకుల కింద వేడి దిగకుండా వెండిరంగు షీటు వేయించేను. పైన తెల్ల పెయింటు. సందులన్నీ మూయించేను. కింద టైల్సు. పాత ఫ్యాన్లు తిండిపోతులు, పీకేసి కరెంటు తక్కువ తాగేవి బిగించేను. ఇవాళ మధ్యాహ్నం బయట నలభై, లోపల ముప్పై! ఫోన్లో చూసి నేర్చుకున్నవాడు ఇంతకన్నా ఏం చేస్తాడు?

నువ్వేమో సంచీ దించకుండానే ఆ మూలకి చూసి, "నా గుంటేదండీ?" అన్నావు. అంతే.

పూడ్పించేసేనే. ఇసక పోసి, పైన టైల్సు వేసి. ఇంటికి చెమ్మ అందులోంచే ఎక్కుతోందని వీడియోలో చెప్పేడు. మోకాళ్ళ నెప్పులతో ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని ఇంకెన్నాళ్ళు నేస్తుందిలే అనుకున్నాను.

ఆ చెమ్మే కావాలిటగా! పొద్దున్న మన పక్కింట్లో మగ్గం నేసే అప్పన్న చెప్పేడు. "తేమ లేకపోతే పడుగు పోగు పుటుక్కుమని తెగిపోద్ది బాబాయ్. పిన్ని ఫ్యానెందుకు వేసుకోదనుకున్నావు? గాలికి పోగులెండిపోతాయని!"

నేత నేర్చుకోమంటే రోజూ అమలాపురం పారిపోయి ఫ్యాన్లు బాగుచేసుకు బతికినోణ్ణి. ఇక్కడ బండారులంకలో నా పెళ్ళాం మెడకి తడిగుడ్డ చుట్టుకుని, ఫ్యాను లేకుండా ముప్పయ్యేళ్ళు నేసింది. బిల్లు తగ్గించడానికే అనుకుని పదిమంది దగ్గర మెచ్చుకున్నాను కూడా. వెధవని.

మగ్గం మీద చీరా? ఉంది. అటక మీద, పీకిన మగ్గం కర్రల పక్కన.

కోసేసేను. విప్పడం రాక. కత్తెరతో. పేపర్లో చుట్టి పెట్టేను.

"అది ఎవరి ఆర్డరూ కాదు బాబాయ్, పిన్ని తనకోసం వేసుకుంది" అన్నాడు అప్పన్న. ఊరందరికీ నేసి నువ్వు మిల్లు చీరలే కట్టేవు కదూ. ఆ మాట విన్నాక ఇల్లు చల్లగా ఉందో, వేడిగా ఉందో నాకు తెలీలేదు.

ఏడవకు. పచ్చి కన్ను.

కోసిన పోగులు ఒక్కోటీ ముడెయ్యాలిట. వేల పోగులు. ఈ కంటితో నువ్వేం చూస్తావు? నాకు చేతకాదు. అప్పన్న ప్రయత్నిస్తానన్నాడు గానీ, మొహం చూస్తే నమ్మకం కలగలేదు.

రేపు పొద్దున్నే రమణబాబు గునపం పట్టుకొస్తాడు. టైల్సు పగలగొట్టి మళ్ళీ తవ్విస్తాను. ఆ మూల ఫ్యాను కూడా పీకేస్తాను. పూడ్చింది కూలీలు కదా, లోతెంతని నన్నడిగేడు. మోకాలిదాకానా? తొడదాకానా?

చెప్పవా?

ముప్పయ్యేళ్ళు ఆ గుంట గట్టు మీదే కూర్చుని నువ్విచ్చిన కాఫీ తాగేను. ఒక్కసారీ అందులోకి దిగి చూళ్ళేదు.

నీ గుంట లోతెంతో నాకింకా తెలీదు.