గొంతు మునిగే జాకెట్

మోత్కూర్‌లో మల్లిక బట్టలు కుట్టే దుకాణం, మధ్యాహ్నం. కొలతలు తీసే పరదా చాటున భాగ్యశ్రీ. బయట బండి మీద ఆమె భర్త పరమేష్.

"ఆది జాకెట్ తెచ్చిన మల్లికక్కా, దాని లెక్కనే కుట్టు. మెడ మాత్రం జర పైకి పెట్టు."

"ఎంత పైకి?"

"గొంతు మునిగేటట్టు. కాలర్ మెడ అంటరు సూడు, గది."

"గీ ఎండలల్లనా?"

"ఇప్పుడు గదే ఫ్యాషనంట."

"భాగ్యా, దసరా ముంగట పచ్చ చీర తెచ్చి చేతులు మోచేతి దాంక పెట్టమన్నవు. ఆ తర్వాత గులాబి చీరకు మణికట్టు దాంక అన్నవు. గిన్ని చీరలు ఎవరు కొనిస్తాండ్రు?"

"ఆయనే. ప్రేమనే అక్కా. కొడ్తడు గానీ... మల్ల ఏడుస్తడు. కాళ్లు వట్టుకుంటడు. తెల్లారి చీర తెస్తడు."

"తెచ్చినంక?"

"కొన్నొద్దులు మంచిగుంటడు. మంచిగుంటేనే ఎక్కువ భయమైతది. గిన్నె సప్పుడైనా ఉలిక్కిపడ్త. మల్ల ఎప్పుడు మొదలువెడ్తడో అని..."

"మెల్లగ మాట్లాడు, ఇనవడ్తది. కొంగు తియ్యి, మెడ కొలుస్త."

"ఆది జాకెట్ ఉంది కదా."

"దాంట్ల గొంతు కొలత ఏడుంటది? తియ్యి."

"వద్దక్కా."

"తియ్యి చెల్లె... అయ్యో, వేళ్ల అచ్చులు. గొంతు పిసికిండా?"

"కోపంల. చంపాలని కాదు."

"ఊపిరి ఆడిందా?"

"కండ్లకు చీకట్లొచ్చినయి. తెలివికొచ్చి సూస్తే మొకం మీద నీళ్లు చల్లుతాండు. అక్కా, జల్ది కొలువు, అనుమానపడ్తడు."

"ఎవరికన్న చెప్పినవా?"

"మా అత్తకు చెప్పిన. చీర పట్టుకొని సూసి, మంచిగనే సూసుకుంటాండు గదా అన్నది."

"మా స్నేహలత గూడ గిట్లనే కాలర్ మెడ కుట్టమన్నది."

"మీ చెల్లెనా? ఇప్పుడేడ ఉన్నది?"

"ఆ జాకెట్ తొడిగే పాడె మీద పండవెట్టినం."

"అక్కా... నాకు భయమైతాంది."

"గొంతు మీదికి వచ్చిన చెయ్యి మల్ల గొంతు మీదికే వస్తది. ఎనక తలుపు తీసే ఉన్నది. సందు దాటితే బస్టాండు. నల్లగొండ బస్సెక్కు."

"ఏడున్ననో ఫోన్ల సూస్తడు."

"ఫోన్ ఈడ వెట్టు. ముందు పెద్ద దవాఖానకు పోయి గొంతు సూపియ్యి. గిట్ల చేసిండని చెప్పు, దాయకు. నేను ఎనక వస్త."

"భాగ్యా, ఎంతసేపు?"

"అక్కా, ఆయన పిలుస్తాండు..."

"పలుకు."

"వస్తున్న. అయిపోయింది."

"చెప్పులు చేతుల వట్టుకో. పో."

"నిన్నేమన్న చేస్తడేమో."

"పో చెల్లె."

"భాగ్యా... భాగ్యా, పలుకవేంది?"

"గొంతు కొలుస్తున్న తమ్మీ. మాట్లాడితే కొలత తప్పుతది. జర కూసో."