తొంభై అయిదు దగ్గర మొదలైన గీత

హలో… ఆ, నేనే, మీ మేనత్తని.

… ఆరోగ్యానికేం, రాయిలా ఉన్నాను. కుశలప్రశ్నలు తర్వాత. ఆఫీసులోనేగా ఉన్నావు? నీ ముందు కంప్యూటర్ ఉందా?

… మంచిది. మీ ఆసుపత్రి ఆఫీసు నిన్న వార్డులకి ఒక చార్టు పంపింది. నీలం రంగు కడ్డీలు. అది గీసింది నువ్వేనా?

… బాగుందా అని నన్ను అడుగుతున్నావా? రంగు బాగుంది.

… నాకెలా వచ్చిందో చెబుతాను. ముందు దాన్ని తెరువు.

తెరిచావా? నాలుగో వార్డు కడ్డీ చూడు. మిగతావాటి పక్కన మోకాలెత్తు పిల్లలా నిలబడింది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

… అవును. ఆ వార్డులో రోగులకి వేళకి మందులు అందడం లేదనే అనుకుంటారు. ఇప్పుడు అంకెలు చదువు. పైకి చదువు.

… మిగతా వార్డులు తొంభై ఎనిమిది శాతం. నాలుగోది?

… తొంభై ఆరు. అంటే తేడా గోరంత. మరి కొండంత ఎలా అయింది? నిలువు గీత తొంభై అయిదు దగ్గర మొదలైంది కనుక. అర శాతానికొక గీటు పెట్టారు కనుక. అది సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టుకుందా, నువ్వు పెట్టావా?

… నువ్వే. ఎందుకు?

… మేనేజరు గారికి కడ్డీలన్నీ ఒకే ఎత్తుగా కనబడ్డాయా. దాదాపు ఒకే ఎత్తున ఉన్నవి అలాగే కనబడితే ఆయనకొచ్చిన కష్టమేమిటి?

… 'చార్టులో ఒక కథ కనబడాలి' అన్నారా. మా కాన్వెంటులో కథలకి వేరే పీరియడ్ ఉండేది.

విను. ఆ వార్డు ఇన్‌ఛార్జి నర్సుని ఇవాళ మధ్యాహ్నం మీటింగులో ఆ బాధ్యత నుంచి తప్పిస్తారట. నోటీసుకి నీ చార్టే జత చేశారు.

… ఎవరా? మీ చెల్లెలు.

… అవును, నీ సొంత చెల్లెలే. ఆ వార్డుకి మార్చారని చెబుదామని ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదట. ఇదుగో, నా ఎదురుగానే కూర్చుంది. ఏడవడం లేదు. నేను ఒప్పుకోలేదు.

… లేదు, నిన్ను ఒక్క మాటా అనలేదు. అనవలసినవి నేను అనగలనని దానికి తెలుసు.

… సరే, మార్చు. నిలువు గీత మీద నొక్కు. కనిష్ఠం దగ్గర సున్నా. గీటుకీ గీటుకీ మధ్య ఇరవై. … అయిందా? నాకు పంపు.

… వచ్చింది. ఆగు, కళ్ళజోడు… ఏమిటిది? కడ్డీలన్నీ నేలకి అతుక్కుపోయాయి. గరిష్ఠం ఎంత పెట్టావు?

… వెయ్యా! శాతానికి వెయ్యేమిటిరా? నూటికి నూరు దాటి మందులిస్తే అది వైద్యం కాదు, హత్య.

… తేడా అసలు కనబడకూడదనా? ఎందుకు కనబడకూడదు? రెండు శాతం తక్కువన్న మాట నిజమే. మీ చెల్లెలూ ఒప్పుకుంటోంది. నేను న్యాయం అడిగాను, చుట్టరికం కాదు. వంద పెట్టు.

… ఆ. ఇది చార్టు. కడ్డీల నెత్తిన అంకెలు కూడా వెయ్యి. ప్రింటు తీసి, మేనేజరు గారి చేతికి నువ్వే ఇవ్వు.

… భయమైతే నడుస్తూ భయపడు.

ఒక్క ప్రశ్న. అది మీ చెల్లెలి వార్డు కాకపోయి ఉంటే మార్చేవాడివా?

… మార్చేవాడివి కాదా.

… సరే. అబద్ధం చెప్పలేదు, సంతోషం. అయితే ఇదీ చెప్పు. మీ చెల్లెలికి ముందు ఆ వార్డు చూసినావిడని ఉద్యోగంలోంచే తీసేశారు కదా. ఏం చూసి తీసేశారు?

… ఆ చార్టు ఎవరు గీశారు?

… నువ్వేనా. గీత తొంభై అయిదు నుంచేనా?

… ఊఁ.

తెరువు దాన్ని. … ఇప్పుడే. నేను ఫోన్ పట్టుకునే ఉంటాను. సున్నా, ఇరవై, వంద. … ఆవిడ అంకె ఎంత?

… తొంభై ఏడు.

… అయ్యో, తప్పయిందని నాకు చెబితే ఏం లాభం? ఆయనకి చెప్పు. రెండు చార్టులూ పట్టుకెళ్ళు. ఆవిడది పైన పెట్టు, చెల్లెలిది కింద.

… లేదు నాయనా, ఆవిడ మనకేమీ కాదు. అందుకే పైన పెట్టమన్నాను.

… నడు మరి. నేను ఆవిడకి ఫోన్ చెయ్యాలి. మీ చెల్లెలు నంబరు వెతుకుతోంది. పెట్టేస్తున్నాను.