విరిగిన బిస్కెట్లూ, నార్మల్ రిపోర్టూ

ఈ వీడ్కోలు సభ అధ్యక్ష స్థానంలో ఉన్న మన బిస్కెట్ ఫ్యాక్టరీ మేనేజర్ గారికీ, పిలవగానే వచ్చిన కిడ్నీల డాక్టరమ్మ గారికీ, ఓవెన్ల దగ్గర ఉడికి ఉడికి వచ్చిన అన్నదమ్ములకూ, ప్యాకింగ్ సెక్షన్ అక్కచెల్లెళ్ళకూ, ఆ పూలకుండీ వెనక ఇబ్బందిగా కూర్చున్న మా రాత్రి షిఫ్టు అక్కకూ నమస్కారం.

అక్క కష్టజీవి అని మేనేజర్ గారు ఇప్పుడే మెచ్చుకున్నారు. "కాస్త నోరు కట్టుకుని ఉంటే ఈ కిడ్నీ జబ్బు వచ్చేది కాదు, ఉద్యోగం ముందుగానే వదలాల్సి వచ్చేదీ కాదు" అని కూడా అన్నారు. సంఘం కార్యదర్శిగా నాకు నోరు పెద్దదని పేరుంది కనుక, ఈ పూట గొంతు పెంచకుండానే జవాబు చెబుతాను. (నవ్వులు)

రాత్రి షిఫ్టులో క్యాంటీన్ మూసేస్తారు. బదులుగా తియ్యటి టీ, విరిగిన బిస్కెట్లు ఉచితంగా పెడతారు. ఏళ్ళ తరబడి అదే భోజనంగా బతికిన మనిషిని నోరు కట్టుకోలేదనడం, నీళ్ళలోకి తోసి "ఎందుకు తడిశావు?" అని అడిగినట్టుంది. ఇవాళ అక్కకు బహుమతిగా ఇస్తున్నదీ అదే సరుకు, కాకపోతే విరగనివి, రిబ్బను కట్టినవి. (నవ్వులు, మేనేజర్ గారు కూడా)

ఏటా వైద్యపరీక్ష చేయించామంటారు. నిజమే. పరగడుపు చక్కెర చూసి నార్మల్ అన్నారు, ఫిట్ అని ముద్ర కొట్టారు. కానీ డాక్టరమ్మ గారు విడమర్చి చెప్పాక నాకు తెలిసిందేమిటంటే, నిద్రా తిండీ ఇలా చెడినప్పుడు ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం మానేయొచ్చు, అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది, అందుకే రిపోర్టులో చక్కెర చాలాకాలం బుద్ధిగా కనిపిస్తుంది. ఈలోగా ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, రక్తపోటు పెరుగుతుంది, కిడ్నీలోని వడపోత దెబ్బతిని మూత్రంలో ప్రోటీన్ కారుతుంది. కిడ్నీ పాడైన కొద్దీ ఒళ్ళు ఇన్సులిన్‌కు మరింత మొండికేస్తుంది. మూత్రం ఒక్కసారి పరీక్షిస్తే తెలిసేది. చేయించలేదు. తమ్ముళ్ళూ, నవ్వకండి, మీకూ చేయించలేదు.

(మేనేజర్ గారి వైపు తిరిగి)

అక్క రాజీనామా తనే రాసిచ్చిందంటున్నారు. అంతకుముందు ఏమడిగిందో నేను పక్కనే ఉండి విన్నాను. "సార్, నాకింకా డయాలిసిస్ దాకా రాలేదు. మందులూ, వేళకు తిండీ నిద్రా ఉంటే జబ్బు ముదరకుండా ఆపొచ్చన్నారు. పగటి డ్యూటీ ఇప్పించండి, చాలు." దానికి మీ జవాబు: "ఒకరికిస్తే అందరూ అడుగుతారమ్మా."

అడగనివ్వండి సార్. ఒళ్ళు చెడేది అందరికీ కదా.

అక్కా, తల దించుకోకు. దించుకోవాల్సింది నువ్వు కాదు.

ఈ సభకు పిలిచిన పెద్దలకూ, కూర్చుని విన్న మీకూ కృతజ్ఞతలు. వీడ్కోలు మాత్రం నేను చెప్పను. ఆ రాజీనామా మీద మేనేజర్ గారి సంతకం ఇంకా పడలేదట. ప్యాకింగ్ బల్ల దగ్గర పగటి షిఫ్టులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, పొద్దున నేనే చూసి వచ్చాను. అక్క రేపటి పగటి డ్యూటీకి టిఫిన్ డబ్బా కడిగి పెట్టుకోవాలో వద్దో, ఈ హాలు దాటేలోపు ఆయనే చెబుతారు. మైకు ఆయనకే ఇస్తున్నాను.

సెలవు.