ఆదివారం దక్షిణపు గాలి

ఎక్కడ దొరికింది నీకిది? మీ అమ్మ పెట్టెలోనా? ఇటివ్వు, కళ్ళజోడు అక్కర్లేదు, చేత్తో చూస్తా. ఆఁ, ఇదే. మీ అమ్మమ్మ తెరేసమ్మ జపమాల. మా అక్కది. ఈ ఎర్రదారం ఇంకా ఆరు పూసలుండగానే ఎందుకాగిపోయిందంటావా? చెప్తాలే కృపా, కూర్చో. పటమట నుంచి కంకిపాడు దాకా బస్సులో నిలబడి వచ్చావు, రాగానే ప్రశ్నలు. ముందా మజ్జిగ తాగు. ఎనభై నాలుగేళ్ళదాన్ని, ఎక్కడికి పోతాను? ప్రభువు పిలిచినా, ఈ ముక్క చెప్పేసి వస్తాను తండ్రీ అని బతిమాలుకుంటా.

దీని సంగతి చెప్పాలంటే మీ తాత శౌరయ్య సంగతి చెప్పాలి. నాకు బావ. నాగాయలంకలో తెరచాప ఓడకి సరంగు. అంటే, ఎప్పుడు కదలాలో ఏ దారిన పోవాలో ఆయన నోటి మాటే. మనిషి చూస్తే చీపురుపుల్ల, గొంతు మాత్రం గుడి గంట. ఏడుగురు మనుషులు, రెండు తెరచాపలు, ఇంజనూ గింజనూ ఏం లేదు. క్రిస్మస్ వెళ్ళగానే బియ్యం బస్తాలేసుకుని మద్రాసు పోయేవాళ్ళు. పోవడం ఎంత సుఖమనుకున్నావు! ఈశాన్యపు గాలి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు ఐదు రోజుల్లో దించేసేది. రావడమే కష్టం. అదే గాలి మొహాన కొడుతుంది. అందుకని బుద్ధున్న సరంగులంతా ఓడ అక్కడే కట్టేసి, శివరాత్రి దాటి దక్షిణపు గాలి పుట్టాక తీరిగ్గా వచ్చేవాళ్ళు. "పోయేటప్పుడు గాలి పని, వచ్చేటప్పుడు మన పని" అనేవాడు బావ.

ఆ ఏడు, అరవై రెండు అది, మా అక్కకి ఊపిరితిత్తుల జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. మళ్ళీ అని ఎందుకన్నానంటే, అంతకు రెండేళ్ళ ముందు ఒకసారి పోయిందనే అనుకున్నాం. అప్పుడు బావ గుణదల మాత కొండ మోకాళ్ళ మీద ఎక్కి మొక్కుకున్నాడు. "తల్లీ, తెరేసు బతికితే ఇక ఆదివారం నా చేత్తో తెరచాప ఎత్తను" అని. బతికింది. ఇక అప్పట్నుంచి చూడు, తుఫాను మీదికొస్తున్నా సరే ఆదివారం ఓడ కదిపేవాడు కాదు. ఇదుగో, ఈ మొక్కు గుర్తుపెట్టుకో, దీనితోనే వచ్చింది అంతా.

సరుకు ముందే ఒప్పుకున్నది, పోక తప్పదు. అక్క ఒకటే మాట అంది, "శివరాత్రి దాకా అక్కడుంటే నేను నీకు దొరకనయ్యా" అని. మీ అమ్మకి అప్పుడు నాలుగేళ్ళు, బావ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ అల్లడం మొదలెట్టాడు. అల్లుతూ అల్లుతూ, "ఇదుగో తెరేసు, ఇట్లా వస్తా" అన్నాడు. ఎదురుగాలికి ఓడ తిన్నగా రాదు కదా. తెల్లారకట్ల నేల మీద నుంచి గాలి వీస్తుంది, దానితో ఏటవాలుగా సముద్రంలోకి పోవాలి. మధ్యాహ్నం గాలి సముద్రం మీద నుంచి తిరుగుతుంది, దానితో మళ్ళీ ఏటవాలుగా ఒడ్డుకి. పాయ అటు, పాయ ఇటు, జడే. రోజుకి రెండు పాయలు. యాభై పాయలకి నాగాయలంక. అని జపమాల తీసి, మొదట్లో ఈ ఎర్రదారం కట్టి, ఆమె చేతిలో పెట్టాడు. "మద్రాసులో కదిలే రోజు కార్డు రాస్తా. ఆ రోజు నుంచి సాయంత్రం జపం అయ్యాక ఈ దారం రెండు పూసలు ముందుకి జరిపి కట్టు. నేను ఎక్కడున్నానో నీకు తెలుస్తుంది. ఆదివారం మాత్రం కదపకు. నేనూ కదలను."

నీ ఫోన్లో గాలి ఎటుందో బొమ్మలేసి చూపిస్తుందంటగా? మాకు ఈ దారమే. "ఇవాళ కృష్ణపట్నం దాటాడే," "ఇవాళ కొత్తపట్నం" అని అక్క మంచం మీద నుంచే చెప్పేది. నలభై నాలుగు పూసలయ్యాయి. అదుగో, అప్పుడొచ్చింది ఆదివారం. గుణదల తిరునాళ్ళు కూడా ఆ రోజే. మా నాన్న గుడికి పోయాడు, ఇంట్లో మేమే. పొద్దున్నే కిటికీ తెర లోపలికి ఎగిరింది. అక్క లేచి కూర్చుంది. వారం నుంచి లేవని మనిషి! "హెలెన్, దక్షిణం తిరిగిందే! మీ బావ నిజాంపట్నంలో ఉంటాడు, ఈ గాలికి సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు." "ఇవాళ ఆదివారం కదక్కా" అన్నాను. ఉండబట్టలేని నోరు నాది. నవ్వింది. "నాకోసం ఎత్తుతాడులే" అంది. అని, ఆరు పూసలూ ఒక్కసారే జరిపేసి, చివర కట్టేసింది దారం. తల దువ్వించుకుంది. నీలం చీర కట్టించుకుంది. వాకిలికేసి చూస్తూ కూర్చుంది.

నిజాంపట్నంలో ఏం జరిగిందో తర్వాత యేసుబాబు చెప్పాడు, చుక్కాని పట్టేవాడు. ఓడవాళ్ళంతా బావ కాళ్ళు పట్టుకున్నారంట. "సరంగు గారూ, ఆమె కోసమేగా మొక్కు, ఆమె కోసమే తెంచండి." బావ గుడ్లెర్రజేసి, "ఏ మొక్కు మీద ఆమె ఊపిరి నిలబడిందో దాన్ని తెంచమంటావేంట్రా?" అన్నాడంట. పొద్దంతా ఓడ మీద కూర్చుని పాటలు పాడాడంట, ఆ గాలి అట్లా పోతుంటే. పొద్దుగూకేసరికి గాలి పడిపోయింది. సోమవారం మళ్ళీ ఈశాన్యమే.

అక్క సోమవారం తెల్లారకట్ల పోయింది. మంగళవారం సమాధి చేశాం. బుధవారం సాయంత్రం బావ వచ్చాడు. లెక్క వేసిన రోజుకే, కృపా. ఒక్క పూస తేడా లేదు.

ఏడవలేదు. ఆమె మంచం మీద కూర్చుని, "ఆదివారం ఇక్కడా దక్షిణం వీచిందా?" అని అడిగాడు. వీచింది బావా అన్నాను. "పూస కదిపిందా?" అన్నాడు. అప్పటికే నేను జపమాల తీసి దాచాను. ఎందుకు దాచానో నాకే తెలీదు. పెరట్లోకి పోయి, ఆ ముడి విప్పి, ఆరు పూసలు వెనక్కి తెచ్చి కట్టి, తెచ్చి చూపించాను. "లేదు బావా. మా ఆయన మొక్కు తప్పడు అంది" అన్నాను. ఆ మాట పట్టుకునే నలభై ఏళ్ళు బతికాడు మీ తాత. వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు, నా తెరేసు ఆదివారం పూస కదపలేదు అని. ఆయన పోయినప్పుడు శవపెట్టెలో పెడదామంటే మీ అమ్మ ఇవ్వలేదు, అమ్మ కట్టిన ముడి అని.

ఫాదరు గారి దగ్గర పాపసంకీర్తనంలో కూడా చెప్పలేదు నేనిది. పాపమని చెప్తే, చేసినందుకు బాధపడాలి కదా. మీ అమ్మకి...

ఆ గ్లాసు అక్కడ పెట్టెయ్. ఐదున్నర బస్సు పోతే మళ్ళీ నిలబడే పోవాలి నువ్వు.