పంకజం అక్క మాటలను గుణశేఖరన్ వెతికి తెచ్చిన కథ

ఆదివారం పొద్దున ముత్తియాల్‌పేటలో అరుణాచలం టీ కొట్టు ముందు బెంచీ నిండిపోయిందంటే గుణశేఖరన్ వచ్చి కూర్చున్నాడని అర్థం. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాసే మనిషి. ఆఫీసు పనంతా ఇంట్లోనే. వారమంతా కంప్యూటర్ ముందు మూసుకున్న నోరు ఆదివారం ఇక్కడ తెరుస్తాడు.

ఆ రోజు ఆటో వేల్మురుగన్ ఊరికే అడిగాడు. "అన్నా, మీ పంకజం అక్క ఫోన్ నొక్కితే ఆయమ్మ గొంతే పలకతా ఉండాదే, అది నువ్వు చేసిందేనా?"

అంతే. గుణశేఖరన్ లుంగీ సర్దుకుని కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

"నేను గాక ఇంకెవురు చేస్తారు? విను. అక్కకు గొంతులో గడ్డ వొచ్చింది కదా, ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాది, మాట దక్కదు అనేసినాడు డాక్టరు. మా అక్కకు మాట లేకుండానా? మిల్లులో మగ్గాల చప్పుడును మించి అరిచిన మనిషి! సెరి, నేనుండానని చెప్పి, ఆపరేషన్‌కు ముందు తొమ్మిది దినాలు ఆస్పత్రిలో పక్కనే కూర్చొని అక్క మాటలన్నీ రికార్డు చేసినా. అన్నం, నీళ్లు, ఫ్యాన్ వెయ్యి, ఫ్యాన్ ఆపు, తలుపు ఎవురు తెరిచి పెట్టినారు... ఆరు నూర్ల ముప్పై. అక్కకు తెలుగు అక్షరాలు రావు, అందుకని మాటకొక బొమ్మ. బొమ్మ నొక్కితే అక్క గొంతు. ఆ ప్రోగ్రామ్ రాసేదానికి ఎన్ని దినాలు పట్టింటాదంటావు?"

"ఒక వారం?" అన్నాడు వేల్మురుగన్.

"వారమా! ఒక్క టీ. గ్లాసు చేతిలోకి తీసుకున్నా, ఏఐకి చెప్పినా, టీ చల్లారే లోపల అయిపోయింది. దానికి ఒక మర్మం ఉండాది. అంతా చేసిపెట్టు అంటే అది అంతా చెడగొట్టి పెడతాది. ఒక్క బటన్ అడగాల. అది పలికితే ఇంకొకటి. ఉద్యోగంలో కొత్తగా చేరినోడికి పని చెప్పినట్ల ఓపిగ్గా చెప్పాల, వాడు చేసింది మనం చూడాల. నేనిది చెప్తే ఆఫీసులో గోడ మింద రాసి పెట్టుకున్నారు."

"ఏ గోడ?" అన్నాడు అరుణాచలం, పాలు తిరగబోస్తూ.

"అన్ని గోడలూ. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? రికార్డు చెయ్యని మాటలు కొన్ని మిగిలినాయి. అవి ఏఐనే దాని గొంతులో పలకనీ అని వొదిలినా. అక్క టీ ఇంకో గ్లాసు కావాలని నొక్కింది. ఫోను ఏమనిందో తెలుసునా? ‘దయచేసి నాకు మరికొంత తేనీరు అనుగ్రహించగలరు’ అనింది!"

బెంచీ మీద అందరూ పగలబడి నవ్వారు.

"అక్క నన్నొక చూపు చూసింది చూడు, మాటెందుకు ఆ చూపుకు! నాకు రోషమొచ్చె. ఏఐని ఎదురుగా కూర్చోబెట్టుకొని మనింటి తెలుగు నేర్పినా. ఆరుకు మొదలుపెడితే, ఏడుకు ‘యాడికి పోతా ఉండావు’ అనింది. ఎనిమిదికి సముద్రం ఒడ్డున వైతికుప్పం పోయి చేపలు బేరమాడింది."

"ఫోన్ ఒక్కటే నడిచి పోయిందా?"

"నా జేబులో పోయింది. మాట మాత్రం అదే ఆడింది. వంజరం చేపను చూసి, ఇది నిన్నటిది కదా అని మొగం మిందనే అడిగేసింది. వల లాగేవాళ్లు వల వొదిలేసి చూస్తా నిలబడినారు. తొమ్మిదికి మన వీధిలో ఫోన్లన్నిటికీ ఆ తెలుగు అంటుకునింది. నీ ఆటోలో దారి చెప్పే ఆడమనిషి కూడా మన తెలుగే ఇప్పుడు."

"నా ఆటోలో ఇంకా ఇంగ్లీషే కదన్నా మాట్లాడతా ఉండేది."

"నువ్వు దిగినంక మాట్లాడతాది."

నవ్వులు ఆగేదాకా ఉండి, గుణశేఖరన్ కొంచెం ముందుకు వంగాడు.

"అప్పుడొచ్చె అసలు గండం. ఫైళ్లన్నీ చిందరవందరగా ఉండాయి, కొంచెం సర్దు అని ఏఐకి చెప్పినా. సర్దింది. ఎట్ల సర్దింది? ఆ ఆరు నూర్ల ముప్పై మాటలూ చెత్త అనుకొని కంప్యూటర్‌లో తుడిచేసింది, దాంతో అక్క ఫోన్‌లో ఉండేవీ పోయినాయి."

అరుణాచలం చేతిలో గిన్నె ఆగిపోయింది. "అప్పటికి ఆపరేషన్..."

"అయిపోయి పదైదు దినాలు."

ఎవరూ నవ్వలేదు. పోయిన మాటను మళ్లీ చెప్పించుకోడానికి ఆ గొంతు ఇక లేదని అందరికీ తెలుసు. గుణశేఖరన్ వెంటనే అందుకున్నాడు.

"నేను భయపడినానా? లోపలికి దిగేసినా!"

"యాడ లోపలికి?"

"కంప్యూటర్ లోపలికి. ముందు చెయ్యి పెట్టినా, మోచెయ్యి పోయె, భుజం పోయె, ఇంక నేనే పోయినా. లోపల ఒకటే చలి. అక్క మాటలన్నీ తలా ఒక దిక్కుకు పారిపోతా ఉండాయి. ‘ఫ్యాన్ ఆపు’ ఒక మూల నక్కి ఉండాది, చెవి పట్టి లాగినా. ‘అన్నం’ దారి తప్పి ఏడుస్తా ఉండాది, చంకనేసుకున్నా. ‘నీళ్లు’ మాత్రం ఇంటర్నెట్ తీగ పట్టుకొని సముద్రం కిందికి జారిపోయింది. నేను వొదిలినానా? వెంబడే ఈదినా. సింగపూర్ కాడ పట్టినా! ఆకాశంలో ఉపగ్రహం నిలబడిపోయింది నన్ను చూసి. ఇక్కడ బీచిలో అలలు పది నిమిషాలు లేవలేదు, చప్పుడు చేస్తే మా అక్క మాట నాకు వినబడదని. ఆరు నూర్ల ముప్పై మాటలూ మూట గట్టి, భుజానేసుకొని..."

"అబద్ధం."

బెంచీ వెనక నుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది. అందరూ తిరిగి చూశారు. కూరగాయల సంచీతో పంకజం నిలబడి ఉంది, మెడకు పలచటి గుడ్డ చుట్టుకుని. పక్కనే ఆమె కూతురు అనుప్రియ. ఎంతసేపటి నుంచి వింటున్నారో ఏమో. పంకజం ఫోన్ మీద వేలు జరిపి ఇంకో బొమ్మ నొక్కింది.

"అనుప్రియ," అంది ఫోన్.

"నన్ను చెప్పమంటా ఉండాది మామా," అంది అనుప్రియ నవ్వుతూ. "ఏ దినం రికార్డు చేసినవి ఆ దినమే ఆస్పత్రిలో అన్నిటినీ నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నా. అవే మళ్లీ నీ కంప్యూటర్‌లో వేసిచ్చినా. సింగపూర్ యాడ పోయినావు నువ్వు? టేబుల్ కింద కూర్చోనుంటివి. నేను పని ముగించుకొని వొచ్చేదాకా అన్నం తినకుండా ఏడస్తానే ఉంటివి."

వేల్మురుగన్ చప్పట్లు కొట్టబోయి, గుణశేఖరన్ ముఖం చూసి చెయ్యి దించుకున్నాడు.

"అవును," అన్నాడు గుణశేఖరన్. ముడుచుకున్న కాళ్లు కిందికి దించాడు. "ఏఐని తిట్టి ఏం లాభం? సర్దమనింది నేను. ఏం తుడుస్తావో ముందు చూపించు అని అడగలేదు. సరే అని నొక్కేసినా. ఇరవై ఏళ్ల నుంచి ఇదే పని చేసేవాణ్ణి, అక్క గొంతుకు రెండో కాపీ పెట్టుకోలేదు. ఇప్పుడు మూడు చోట్ల ఉండాది. దాంట్లో వేలు పెట్టేదానికి ఏఐకి వీలు లేదు." ఆగి, గ్లాసు అడుగు చూసుకున్నాడు. "టీ చల్లారే లోపల అయిపోలేదు. అంతా సరిగ్గా పని చేసేదానికి రెండు నెలలు పట్టింది."

వేల్మురుగన్ లేచి చోటిచ్చాడు. పంకజం తమ్ముడి పక్కన కూర్చుని, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని, ఫోన్‌లో బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతూ వెతికింది. చాలా కిందికి పోయి ఒకటి నొక్కింది.

"సెరి, చెప్పు. వింటా ఉండా."

ఆ మాట గుణశేఖరన్ రాసుకున్న మాటల జాబితాలో లేనిది. ఆపరేషన్ ముందు రోజు, ఇంక చాలక్కా, అన్నీ అయిపోయినాయి అని అతను ఫోన్‌లో రికార్డింగ్ ఆపబోతుంటే, చెయ్యి పట్టుకుని ఆపి, ఇదొకటి ఉండనీ, నీకు కావాల అని పంకజం తానే చెప్పి పెట్టింది.

గుణశేఖరన్ నోరు తెరిచాడు. ఇంత పొడుగు కథలు చెప్పేవాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కున్నాడు. పంకజానికి తొందరేమీ లేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, తమ్ముడి ముఖం చూస్తూ కూర్చుంది.