పుస్తకానికి పువ్వడిగినాము

ఏమంటివే నీరజా, నీ నర్సింగు పుస్తకం కొత్తగా దిద్ది మళ్ళా అచ్చేసినారు, పాతది ఉండంగా ఇది కొనేదా వద్దా అనా? నన్నడిగితే ఏం చెప్పేదమ్మా, పంచాంగం తప్ప ఇంకో పుస్తకం ముట్టినదాన్ని కాదు. అయినా ఇదే పంచాయితీ ఒకసారి ఈ ఇంట్లో నడిచింది, మీ తాత ఉండంగా. కూర్చో, ఆ చిక్కుడుకాయల చేట ఇట్ల జరుపు, ఈనెలు తీస్తా చెప్తాను.

మీ తాత మిలిట్రీ కదా. అందరూ తుపాకి పట్టుకోనుండె అనుకుంటారు. లేదు తల్లీ, కంచరగాడిదల్ని తోలుతాండె. జవాన్లేమో కొండపైన, వంటేమో కింద. రొట్టెలు మూటలు గట్టి గాడిదల పైన వేసి కొండెక్కించేది ఆయన పని. ఒకదాని పేరు రాణి, ఇంకోటి మోతీ. మూడోది మహా మొండిదంట, దాని పేరు మాత్రం శానా ఏండ్లు నాతో అనలేదు. సరే, తొంభై మూడులోనో ఏమో, కుప్పం నుంచి మునెప్ప వచ్చినాడు, ఈయనతో పాటు మిలిట్రీలో ఉండినాయప్ప. చంకలో లావు పుస్తకం. "రామచంద్రప్పా, మన పాకిస్తాను యుద్ధం బుక్కులో ఎక్కింది, నువ్వుండావు సూడు!" అని వీధిలోనుంచే కేక. నేను పుస్తకానికి బొట్టు పెడదామని కుంకం గిన్నె ఎత్తుకొస్తిని. ఇంగ్లీషు కదా, పక్కింటి లక్ష్మయ్య అయివారిని పిలిచి చదివించినాము. ఆయన చదివి, మెల్లగా చెప్పినాడు: "పెద్ద వాన కురిసిన దినం రొట్టెలు తెచ్చే జట్టు కొండెక్కలేదు, జవాన్లు పస్తుండినారు అని రాసుండాది రామచంద్రప్పా."

ఆ జట్టుకు పెద్ద, హవల్దారు, మీ తాతే. నేను కుంకం గిన్నె కింద పెట్టేస్తిని. "ఎక్కినాము! నేనెక్కినాను, రాణి ఎక్కింది, రెడ్డెమ్మ ఎక్కింది!" అని లేచి నిలబడినాడు. రెడ్డెమ్మ అంటే మా అమ్మ కదే. పోయి అప్పటికే ఆరేండ్లు. ఆ మొండిదానికి మా అమ్మ పేరు పెట్టినాడని అట్ల బయటపడింది. నవ్వొద్దు. దేవుడు సాక్షి, నేను రెండు దినాలు మాట్లాడలేదు.

మునెప్ప నోట్లో నువ్వుగింజ నానదు. పుంగనూరు బస్టాండు దాటేలోపల ఊరంతా చెప్పేసినాడు. ఆ నెలలోనే మన వీధి సావిత్రమ్మ కూతురి పెండ్లి. మీ తాతకు వడ్డించేదంటే ప్రాణం, సాంబారు బకెట్టు పట్టినాడో లేదో పంక్తి ఆ కొననుంచి ఒకడు, "హవల్దారప్పకు ఇయ్యొద్దండప్పా, ఇంతదూరం రాదు, మేము పస్తుంటాము!" అన్నాడు. అందరూ పకపకా నవ్వినారు. ఈయన బకెట్టు ఆడనే దించి, ఇస్తరాకు కూడా ముట్టకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు. మళ్ళా ఏ పెండ్లిలోనూ గరిటె పట్టలేదు. ఆ పుస్తకం రాసినాయన బెంగుళూరులో ఉండాడంటే, అయివారి చేత నాలుగు జాబులు రాయించినాడు. ఎంత వాన, ఏ వంపులో గాడిద జారింది, అన్నీ. జవాబొచ్చింది, "ఈసారి అచ్చులో సరి చూస్తాము" అని. ఆ కాగితం నా దేవుని గూట్లో పెట్టినాడు, గంగమ్మ పటం వెనకాల.

తొంభై ఎనిమిదిలో మదనపల్లె పుస్తకాల అంగట్లోకి ఆ దిద్దిన పుస్తకం వచ్చింది. మీ తాత మూడుసార్లు బస్సెక్కి పోయినాడు, మూడుసార్లూ ఉత్తచేతుల్తో వచ్చినాడు. పుస్తకానికి సుట్టూ ప్లాస్టిక్ కవరంట. అంగడి నరేంద్ర, "కవరు సించితే కొన్నట్టే సారూ" అంటాడు. ఈయన దాన్ని ఎండకు పట్టి సూసేది, తిరగేసి సూసేది, మళ్ళా పెట్టేసేది. "దుడ్డుకు యాల ఎనకాడతాండావు?" అని నేనంటే, "దుడ్డు కాదు. మార్చకపోయింటే, రాలేదనే మాట రెండోసారి నేనే కొనుక్కొచ్చినట్టు కాదా?" అన్నాడు. నాకు అప్పుడర్థమైంది, పాకిస్తానుకు బెదరనాయన ఆ ఒక్క పేజీకి బెదురుతాండాడని.

నాకు తెలిసింది ఒకటే తావు. బోయకొండ గంగమ్మ దగ్గరికి పిలుచుకోని పోయినాను. ఆడ అమ్మ తలపైన పువ్వు పెట్టి అడుగుతారు కదా, కుడిపక్క పడితే సరే, ఎడమపక్క పడితే వద్దు. పూజారి, "ఏం కోరికమ్మా, పిల్ల పెండ్లా, బోరా?" అన్నాడు. "పుస్తకం సామీ, కొనొచ్చునా అని." ఆయన నా మొగం సూసి, మీ తాత మొగం సూసి, పువ్వు పెట్టినాడు. పువ్వు పడనే పడదే! ఎనక వి.కోట నుంచొచ్చిన ఒకాయమ్మ, "మేము బోరు నీళ్ళకు వచ్చి నిలబడుకోనుండాము, పుస్తకానికి ఇంతసేపా?" అని సణుగుడు. నేను కండ్లు మూసుకొని అమ్మా అమ్మా అనుకుంటాండంగా కుడిపక్క పడింది. మీ తాత అమ్మకు మొక్కలేదు తల్లీ. కాళ్ళు దగ్గరికి పెట్టి, మిలిట్రీ సెల్యూట్ కొట్టినాడు.

ఆ మధ్యాన్నమే కొనుక్కొచ్చి, ఇదే అరుగుమీద అయివారి చేత చదివించినాము. ఆ దినం సంగతి వచ్చింది. వాన ఉండాది, కొండ ఉండాది, కొత్తగా మ్యాపు కూడా వేసినారు. రొట్టెల మాట లేదు. వచ్చినాయనీ లేదు, రాలేదనీ లేదు. అయివారు, "తప్పు తీసేసినారు రామచంద్రప్పా, సంతోషమే కదా" అన్నాడు. ఈయన ఆ పేజీనే సూస్తా, "తప్పు తీసినారు సరే అయివారా, నన్ను యాడ పెట్టినారు? పాతదాంట్లో రానోడిగా అన్నా ఉంటిని" అన్నాడు. అప్పుడు నాకు తట్టింది, నేను అడిగింది కొనొచ్చునా అని. దిద్దినారా అని అడగలేదే! అమ్మ అడిగినదానికి చెప్పింది, ఆమెనేమనేది?

మర్నాడు దీపం పెట్టి వస్తినా, మీ తాత పెన్సిలు చెక్కుకొని ఆ పుస్తకం ముందర కూర్చోనుండాడు. రాసే సందు లేదు కదా, పేజీ పక్కన నిలువుగా, తెలుగులో రాస్తాండాడు. సంతకం, మిలిట్రీ నంబరు పెట్టినాడు. తర్వాత పెన్సిలు మళ్ళా చెక్కుకొని, ఇంకో మాట కలిపినాడు. నేను వంగి సూస్తిని. "సాయంత్రం అయిదుకు రొట్టెలు వచ్చినవి. చల్లగా అయిపోయిన మాట మాత్రం నిజము."

...

నీకు కాఫీ పెట్టేదా, మజ్జిగ ఇచ్చేదా?